తొమ్మిది ఎడమ చేతులు

తొమ్మిది చేతులు లేచాయి. తొమ్మిదీ ఎడమ చేతులే.

సికింద్రాబాద్‌లో పేరున్న ఆడియో షోరూం అది. వెనకవైపు పాటలు వినడానికే ప్రత్యేకంగా కట్టించిన గది ఉంది. గోడలకు మెత్తటి గుడ్డ, కింద మందపాటి తివాచీ. శనివారం పొద్దున పదకొండు గంటలకు మేం తొమ్మిదిమందిమి రెండు స్పీకర్లకు ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని, చర్చి పాట వింటున్నాం. అరవై దాటిన ఒక సంగీతం టీచర్ మాకు చెప్పింది ఒక్కటే.

"మగవాళ్ల గొంతులు ఎటునుంచి వస్తే ఆ చెయ్యి ఎత్తండి. మా సండే స్కూల్ పిల్లలు కూడా చేస్తారు. సిగ్గుపడక్కర్లేదు."

ఎత్తాం. ఆవిడ కళ్లు తెరవమన్నారు. పరీక్షలో అందరికీ ఒకే జవాబు వచ్చినందుకు సంతోషపడుతున్నట్టు ఒకరినొకరు చూసుకున్నాం. అప్పుడావిడ ఆ ఖరీదైన సీడీ ప్లేయర్లోంచి డిస్కు తీయించి, తను ఇంటినుంచి తెచ్చుకున్న రెండు స్పీకర్ల చవక పెట్టెలో వేశారు. ప్లాస్టిక్ మూత ఊడిపోతే రబ్బరు బ్యాండుతో కట్టిన పెట్టె. దాన్ని మా ముందు బల్లమీద పెట్టి, మళ్లీ కళ్లు మూసుకోమన్నారు.

ఈసారి తొమ్మిది కుడి చేతులు లేచాయి.

అదే డిస్కు, అదే పాట. మగవాళ్లు మాత్రం ఒక పక్కనుంచి రెండో పక్కకు వచ్చేశారు.

"మా చర్చిలో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు," అన్నారు టీచర్. "కూర్చునేదీ అంతే, పాడేదీ అంతే. ఈ క్వయర్‌ని నిలబెట్టింది నేను. మీ మిషన్ మగవాళ్లను తీసుకెళ్లి ఆడవాళ్ల బెంచీల్లో కూర్చోబెట్టింది. ఆర్నెల్ల నుంచి ఈ మాటే చెప్తున్నాను. చెవులు పోయింది ఎవరికండీ?"

నాకు మాట్లాడే అర్హత అందరికంటే తక్కువ. ఎందుకో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్లాలి.

అప్పటికి నేను రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికలో పనిచేశాక, ఆదివారం అనుబంధంలో ఒక శీర్షిక నా చేతికిచ్చారు. ఒక వస్తువును కొన్నవాళ్లు ఆరుగురిని పట్టుకుని, అదెలా పనిచేస్తోందో వాళ్ల మాటల్లోనే రాయాలి. ఫ్రిజ్‌లు రాశాను, మిక్సీలు రాశాను, స్కూటర్లు రాశాను. మిక్సీ కొన్నవాళ్లు ఉన్నమాట చెప్తారు. పప్పు నలగకపోతే నలగలేదంటారు. వస్తువు ఖరీదు పెరిగేకొద్దీ నిజం చెప్పే ధైర్యం తగ్గుతుందని నాకు ఆ సీడీ ప్లేయర్ నేర్పింది.

విదేశాల్లో తయారైన ప్లేయర్ అది. నగరంలో దాన్ని అమ్మేది ఈ ఒక్క షోరూమే. కొన్నవాళ్ల జాబితా కావాలని నేను షోరూం యజమానినే అడిగాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అమ్మేవాడి చేతిలోంచి తీసుకున్న జాబితాతో మొదలుపెట్టిన వార్త అక్కడే సగం చచ్చిపోతుంది. ఈ సంగతి నేను ట్రైనీలకు పాఠంగా చెప్పినవాణ్ణి. బద్ధకం వేసి, ఆ పాఠం నాకు వర్తించదనుకున్నాను.

జాబితాలో మొదటివారు పద్మారావు నగర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు. చెవి డాక్టరే మెచ్చుకుంటే ఇక కావాల్సిందేముంది అని ఎగిరి గంతేశాను. "ఈ ప్లేయర్లో ప్రతి వాయిద్యం ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది," అన్నారాయన. రెండోవారు నేరేడ్‌మెట్‌లో ఉండే రిటైర్డ్ సైనికాధికారి. "కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపిస్తాను, వయొలిన్ ఇక్కడ, డ్రమ్ అక్కడ అని," అన్నారు. చూపించారు కూడా. నేను ఆ వేలి వంక ఆరాధనగా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది. ఆయన తప్పు దిక్కు చూపిస్తుంటే నేను నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను.

జాబితాలో ఒక పేరు ఒక చర్చి కమిటీ సెక్రటరీది. ఫోన్ చేస్తే ఆయన నవ్వారు. "కొన్నది నేనే గానీ, వాడేది నేను కాదు సార్. మా టీచర్ రిటైరైనప్పుడు పాత స్టూడెంట్లమంతా కలిసి ఇచ్చాం. మ్యూజిక్ తెలిసిన మనిషి. ఆమెనే అడగండి."

ఆ టీచర్ ఇల్లు మల్కాజ్‌గిరిలో. స్టేషన్ నుంచి నడిచే దూరం. రైలు వెళ్లినప్పుడల్లా మాట ఆపి, అది వెళ్లిపోయాక వదిలేసిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. కోస్తానుంచి వచ్చిన కుటుంబం. నాన్నగారు కూడా బడిపంతులే. నలభై ఏళ్లు బడిలో సంగీతం చెప్పి, చర్చిలో క్వయర్ నడిపించారు. టీ ఇచ్చి, మొదట మెచ్చుకున్నారు.

"శబ్దం చాలా శుభ్రంగా ఉంది బ్రదర్. ఇంత శుభ్రంగా నేనెక్కడా వినలేదు. పిల్లలు ప్రేమగా ఇచ్చిన వస్తువు."

తరవాత కాస్త గొంతు తగ్గించారు. "కానీ ఎడమా కుడీ తారుమారయ్యాయి. వైర్లు సరిగ్గానే ఉన్నాయి, ఎర్రది ఎర్రదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో. తప్పు లోపలుంది. షోరూంకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీ వయసులో చెవులు అలాగే ఉంటాయి మేడమ్ అన్నాడు ఆ ఓనర్. అనేసి ఊరుకోలేదు. మా సెక్రటరీకి కూడా చెప్పాడు. ఇప్పుడు కమిటీలో గుసగుసలు. టీచర్‌కి చెవులు పోయాయి, క్వయర్ ఇంకొకరికి ఇద్దామా అని. బ్రదర్, నాకు మోకాళ్లు పోయాయి, ఒప్పుకుంటాను. చెవులు పోలేదు."

క్వయర్ పాట వేసి వినిపించారు. "మగ గొంతులు ఎటునుంచి వస్తున్నాయి?"

నేను గడియారం చూసుకున్నాను. "ఎటైతే ఏముందిలెండి, బాగానే వినిపిస్తోంది కదా," అన్నాను.

ఆవిడ డిస్కు తీసి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు.

ఆఫీసుకొచ్చి రాశాను. ఆవిడ చెప్పిన వరసలోనే మెప్పు ముందు, ఫిర్యాదు చివర. ఆవిడ మర్యాదకొద్దీ ఆ వరసలో చెప్పారు. నేనెందుకు ఆ వరసలో రాశాను? ముఖ్యమైనది పైన రాయాలన్నది పత్రికలో మొదటిరోజు నేర్పే పని. జాగా చాలకపోతే డెస్కులో కింది నుంచి కోస్తారు, పైన ఏముందో కూడా చూడకుండా కోస్తారు. ఈ సంగతి తెలిసిన ఎవడైనా అసలు ఫిర్యాదును తోకకు కడతాడా? ఆవిడ భ్రమపడుతున్నారని అనుకున్నాను. పైగా అదే పేజీలో కింద షోరూం వాళ్ల ప్రకటన ఉంది. ఆ ప్రకటన నా చెయ్యి పట్టుకుని రాయించిందని చెప్పను. కానీ అది అక్కడుందని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున పేపరు తెరిస్తే ప్రకటన అనుకున్నదానికంటే రెండు వేళ్లు పెద్దగా ఉంది. టీచర్ అభిప్రాయం ఇలా ముగిసింది: "ఇంత శుభ్రంగా నేనెక్కడా వినలేదు." కింద ఊరు, వృత్తి.

సోమవారం మా సబ్ ఎడిటర్‌ని పట్టుకున్నాను. నాకంటే పదేళ్లు చిన్న, పనిమంతుడు.

"ఆమె చెప్పిన అసలు మాటే ఎగిరిపోయింది కదయ్యా!"

"అన్నా, యాడ్ పెద్దదైంది. కింది నుంచి కోసిన. గిదేమన్న అసెంబ్లీ వార్తనా పరేషాన్ కానీకి? పాటల డబ్బా గదా."

"మనిషి మాట అది."

"గంత ముఖ్యమైంది నువ్వు కిందెందుకు వెట్టినవ్?"

 

ఆ తర్వాత ఆదివారం చర్చి అయ్యాక కమిటీ కూర్చుంది. సెక్రటరీ మా పేపరు కత్తిరింపు చదివి వినిపించారట. "టీచర్ పేపర్‌కి ఒక మాట చెప్తారు, మనకొక మాట చెప్తారు. తానేం వింటున్నదీ తనకే తెలియట్లేదు." ఆయనా ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాడే. తామిచ్చిన బహుమతికి వంక పెట్టారన్న కోపం లోపల ఉండి ఉంటుంది. తీర్మానం రాశారు. వినికిడి లోపం దృష్ట్యా ఆవిడకు విశ్రాంతినిచ్చి, క్వయర్ బాధ్యత వేరొకరికి అప్పగిస్తున్నామని.

మంగళవారం ఆవిడ మా ఆఫీసుకు వచ్చారు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడంతస్తులూ ఎక్కి, నా బల్ల ముందు నిలబడి, ఆయాసం తగ్గాక కత్తిరింపు తీసి నా ముందు పెట్టారు.

"ఇది నేనన్నమాటే. కాదనను," అన్నారు. "కానీ మీరు నన్ను సగంలో ఆపేశారు. ఆ సగంతోనే నా క్వయర్ పోయింది."

కేకలేస్తే బాగుండేది. కేకలేసేవాళ్లకు సర్దిచెప్పడం నాకు అలవాటే. ఆవిడ కూర్చుని మంచినీళ్లడిగారు.

సవరణ వేయించమని ఫీచర్స్ ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. "పేరు తప్పు పడితే సవరణ. ఫొటో మారితే సవరణ. ఒకావిడ అభిప్రాయం పొట్టిదైతే సవరణ ఏమిటండీ? అన్నమాటే కదా వేశాం," అన్నాడు. అన్నమాటే వేశాం. ముప్పై ఏళ్లలో ఈ వాక్యం వెనక నేనూ చాలాసార్లు దాక్కున్నాను. ఆరోజు అది వేరేవాడి నోటినుంచి విన్నాక అదెంత నీచమైన వాక్యమో అర్థమైంది.

అప్పుడు నేను షోరూం యజమానికి ఫోన్ చేసి, కొన్నవాళ్లందరినీ పిలిచి ఒకసారి వినిపిద్దామన్నాను. ఆయన ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. మళ్లీ పేపర్లో పడుతుందనుకున్నాడో, పదిమంది ముందు ఆవిడ నోరు మూయించవచ్చనుకున్నాడో. డాక్టరుగారినీ, సైనికాధికారినీ, ఇంకో ముగ్గురినీ పిలిచాడు. నేను సెక్రటరీని బతిమాలి తీసుకొచ్చాను. మా సబ్ ఎడిటర్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. "నాకెందుకన్నా తక్లీఫ్" అంటూనే వచ్చాడు. టీచర్ కాక, షోరూం యజమాని, నేను కలిపి తొమ్మిదిమందిమి.

చేతులు రెండోసారి లేచాక జరిగింది చెప్తాను, మనుషుల మీద మీకేమైనా భ్రమలుంటే పోతాయి.

సైనికాధికారి గొంతు సవరించుకున్నారు. "నిజం చెప్పాలంటే నాకు ఇలా తారుమారుగా ఉంటేనే బాగుంది. ఎక్కువ విశాలంగా ఉంది."

డాక్టరుగారు తలూపారు. "మెదడు సర్దుకుంటుందండీ. ఇదసలు లోపమే కాదు."

"అయితే మీరు రేపట్నుంచి కుడి చెవి నొప్పని వచ్చినవాళ్లకు ఎడమ చెవిలో మందు వేస్తారా?" అన్నారు టీచర్.

మా సబ్ ఎడిటర్ గట్టిగా నవ్వాడు. డాక్టరుగారు నవ్వలేదు.

షోరూం యజమాని అప్పటికి తేరుకున్నాడు. "మేడమ్, చర్చి రికార్డింగ్ కదా, తప్పు డిస్కులోనే ఉండుంటుంది. మీ పెట్టె సంగతి నేను చెప్పలేను. పైగా మీ వయసులో..."

మాట పూర్తి కాలేదు. వెనక ప్లేయర్ దగ్గర నిలబడ్డ సర్వీసు మెకానిక్ కల్పించుకున్నాడు. నడివయసు మనిషి. అప్పటిదాకా డిస్కులు మార్చడం తప్ప నోరు విప్పలేదు.

"డిస్కుది గాదు సార్. లోపల బోర్డు కాడ్నే ఉల్టా ఉన్నది. రెండు డబ్బాలు తెరిచి చూసిన. రెండూ గట్లనే ఉన్నయి. రెండు నెలల కిందనే మీకు చెప్పిన."

 

యజమాని ముఖం ఎర్రబడింది. "నిన్నెవడడిగాడయ్యా?"

"ఎవలడగలేదు సార్. అమ్మ ఆర్నెల్ల సంది అడుగుతున్నది, గందుకే చెప్పిన."

తెలిసే చేశాడన్నమాట. ప్లేయర్లో లోపముందని తెలిసి, ఆ లోపాన్ని ఒక మనిషి చెవులకు అంటగట్టాడు. యంత్రాన్ని వెనక్కి పంపితే పరువు పోతుంది. ముసలావిడ చెవులకు పరువేముంది? ఆ చెవులు ఆవిడ బతుకని అతనికి తెలియదు. తెలిసినా ఇంకోలా చేసేవాడని నేననుకోను. తర్వాత ఇంత తేలిగ్గా ముగించాడు: "ఇంతేనా? వెనకాల వైర్లు అటూఇటూ మార్చుకుంటే పోయె కదా మేడమ్."

"ఆ సంగతి నాకు మొదటివారమే తెలుసు," అన్నారు టీచర్. "అలాగే మార్చుకుని వింటున్నాను, ఎవరికైనా చూపించాలంటేనే తిరిగి పెడతాను. నేను మిమ్మల్ని అడిగింది మిషన్ బాగుచెయ్యమని కాదు. నేను సరిగ్గా విన్నానని చెప్పమని."

అతను చెప్పలేదు. టీ తెప్పిస్తానన్నాడు.

బయటికొచ్చాక సెక్రటరీ ఆవిడ పెట్టె మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు. తల దించుకునే, "టీచర్, తప్పైంది. నేను కమిటీలో పెడతాను," అన్నాడు.

"కమిటీలో పెట్టు. ముందు ఆ రబ్బరు బ్యాండు చూసుకో, ఊడిపోతుంది," అన్నారావిడ.

నేను ఆ శనివారం మధ్యాహ్నమే జరిగిందంతా రాసి ఇచ్చాను. ఈసారి అసలు సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. మా సబ్ ఎడిటర్ ఒక్క అక్షరం కొయ్యకుండా పేజీలో పెట్టి పైకి పంపాడు. పైనుంచి అనుమతి రాలేదు. అడిగితే న్యాయ సలహాకు పంపామన్నారు. రెండువారాలకు నా శీర్షిక ఆపేశారు, పాఠకులకు ఆసక్తి తగ్గిందని. నేను మిగిలిన ఏడాదిన్నరా రాశిఫలాల ప్రూఫులు దిద్దాను. అంతకు మించి నాకు జరిగిందేమీ లేదు. అది కూడా నాకు సిగ్గుగానే ఉంటుంది. రాజీనామా చెయ్యలేదు, ఇంకో పత్రికకు వెళ్లి రాయలేదు. పెన్షన్ చూసుకున్నాను. మెకానిక్ మాత్రం ఆ నెలాఖరుకే ఆ షోరూం మానేసి వేరేచోట చేరాడు. అక్కడ మనిషి మాట వింటారని నాతో అన్నాడు.

మీలో కొందరు అడుగుతారు, ఎడమకు కుడి వినిపిస్తే ప్రపంచం మునిగిపోతుందా అని. మునగదు. ఆ ప్లేయర్ పాటలు వినేవాళ్లలో ఎవరికీ దానివల్ల జ్వరం కూడా రాలేదు. కానీ ఒక మనిషి నలభై ఏళ్లు సాధన చేసి సంపాదించిన ఒకే ఒక్క విద్యను ముగ్గురం కలిసి అబద్ధం చేశాం. అమ్మేవాడు తెలిసి చేశాడు, కొన్నవాళ్లు తెలియకుండా చేశారు. నేను వినకుండా చేశాను. మీరు రేపు ఎవరి దగ్గరికైనా అభిప్రాయం అడగడానికి వెళ్తే, వాళ్లు మొదట చెప్పే మంచిమాట దగ్గర కలం మూసెయ్యకండి. మన ఊళ్లో మర్యాదస్తులు అసలు బాధ చివర చెప్తారు, అదీ గొంతు తగ్గించి.

కమిటీ సంగతి చెప్పాలి. సెక్రటరీ మాట నిలబెట్టుకున్నాడు, విషయం సమావేశంలో పెట్టాడు. అప్పటికి కొత్త మనిషికి క్వయర్ అప్పగించేశారు. తీర్మానం వెనక్కి తీసుకుంటే కమిటీ తప్పు చేసినట్టవుతుందని పెద్దలన్నారు. దానికి బదులు టీచర్‌కి శాలువా కప్పి సత్కరిద్దామన్నారు. పాస్టర్ అయ్యగారే స్వయంగా ఇంటికొచ్చి ఆ మాట చెప్పారట.

"శాలువా వద్దయ్యగారూ," అన్నారట టీచర్. "క్వయర్ కూడా తిరిగి ఇవ్వక్కర్లేదు, కొత్తబ్బాయి బాగానే పాడిస్తున్నాడు, టెనార్ పాడే మగవాళ్లు కాస్త తొందరపడుతున్నారంతే. ఆ తీర్మానాల పుస్తకంలోంచి వినికిడి లోపం అన్న రెండు మాటలు కొట్టేయండి చాలు."

ఆవిడ ప్రతి ఏటా కమిటీకి ఉత్తరం రాసి ఇస్తూనే ఉన్నారు. రెండు ఉత్తరాలు నేనే రాసిపెట్టాను. ఇప్పటికి ముగ్గురు సెక్రటరీలు మారారు. ఇప్పుడున్నాయన పుస్తకం చూడనిచ్చాడు. కిందటి నెల వెళ్లి నా కళ్లతో చూసొచ్చాను. ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి.